భయాల పీట

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే?"

గుమ్మం పక్కనున్న ముక్కాలి పీట మీద కూర్చుని, చెప్పుల పట్టీ బిగించుకుంటూ ఆవిడ అన్న మాట అది. అప్పటికింకా కాఫీ గ్లాసులు సింకులోనే ఉన్నాయి. బయల్దేరడానికి ఎవరూ లేవలేదు. ఆవిడ భయం మాత్రం ఎప్పటిలాగే తల దువ్వుకుని, బట్టలు మార్చుకుని, అందరికంటే ముందొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏ లిఫ్టు?" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయన ఊళ్లో తిరిగే బస్సు నడుపుతాడు.

"ఏ లిఫ్టు ఏమిటండీ? వార్డులో పిల్లల్ని ఆసుపత్రి కొత్త బిల్డింగులోకి తీసుకెళ్లే లిఫ్టు. పసికందులు. మధ్యలో ఆగిపోతే గాలాడుతుందా, వెలుతురుంటుందా?"

"తరలించడానికి ఇంకా చాలా రోజులున్నాయి కదే."

"ఉంటే? అప్పుడు ఆగకూడదని లిఫ్టుకి తెలుసా?"

లోపల అద్దం ముందు జుట్టు ముడి వేసుకుంటున్న కూతురు నవ్వింది. నవ్వి, ఎందుకో ఆగి, తల్లి వైపు కాసేపు చూసింది. ఆ చూపేమిటో ఆవిడకి అప్పుడు తెలియలేదు.

ఆ పీటకి ఇంట్లో పెద్ద పేరే ఉంది. ఎవరు బయటికి వెళుతున్నా ఆవిడ దాని మీద చతికిలబడి, జరగబోయే అనర్థాలన్నీ వరసపెట్టి చెప్పాకే దారి వదిలేది. బ్రేకులు చూసుకున్నారా, వాన పడితే అద్దం తుడిచేది పనిచేస్తుందా, ముందు వెళ్లే లారీలోంచి ఇనుప కడ్డీ జారితే ఎటు తిప్పుతారు. కూతురు నర్సు పరీక్షకి వెళ్లిన రోజున, హాల్లో పైకప్పు పెచ్చు ఊడిపడితే ఏ బల్ల కింద దూరాలో కూడా చెప్పింది. భర్త దానికి 'భయాల పీట' అని పేరు పెట్టాడు. ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. ఆవిడ ఉడుక్కునేదే కానీ పీట మాత్రం వదల్లేదు.

ఆ పరీక్ష పాసైన కూతురు ఇప్పుడు పెద్ద సిస్టరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని గాజుపెట్టెల్లో వెచ్చగా పెట్టి కాపాడే వార్డు మొత్తానికీ పెద్ద. అదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో, బట్టలుతికే గది వెనకాల ఉన్న కుట్టు గదిలో ఆవిడ ఎన్నో ఏళ్లుగా మిషను తొక్కుతోంది. దుప్పట్ల అంచులు, డాక్టర్ల గౌన్లు కుట్టడం ఆవిడ పని. అన్నిటికంటే ఇష్టంగా కుట్టేది మాత్రం నిమ్మకాయంత తలలకి పెట్టే టోపీలు. చదువు హైస్కూలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది కానీ, ఆ టోపీ నాడా ఎంత మెత్తగా ఉండాలో ఆవిడ వేళ్లకి తెలుసు.

ఆసుపత్రి గేటు దాటాక ఆవిడ కూతుర్ని 'సిస్టర్ గారూ, మీరు' అంటుంది. ఇంటి బంధుత్వం వార్డులోకి తెస్తే కూతురికి మాటొస్తుందని భయం. కూతురు మాత్రం 'అమ్మా' అనే పిలుస్తుంది. వార్డులో అందరూ ఆవిడని అమ్మా అనే పిలుస్తారు కనుక అందులో పట్టుబడేదేమీ లేదని ఆవిడ ధీమా. అసలు వాళ్లు తల్లీకూతుళ్లని తెలియనివాళ్లు ఆసుపత్రిలో లేరన్న సంగతి తెలియనిది ఆవిడ ఒక్కదానికే. కూతురు నడవాలోంచి వెళుతుంటే కుర్రడాక్టర్లు పక్కకి తప్పుకోవడం కుట్టు గది కిటికీలోంచి కనపడేది. ఆ క్షణం ఆవిడ మిషను చక్రం తిరగడం మానేసేది.

ఆ రోజు బయల్దేరుతూ కూతురు ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో ముక్కాలి పీట పట్టుకుంది.

"అదెందుకే?"

"పనుంది."

"నేనెక్కడ కూర్చోను?"

"కొన్నాళ్లు నిలబడి భయపడమ్మా," అంది కూతురు. తండ్రి పడీపడీ నవ్వాడు.

*

పీట ఎందుకో మధ్యాహ్నానికల్లా కుట్టు గదికి తెలిసింది. కబురు మోసుకొచ్చింది పక్క గదిలో ఇస్త్రీ చేసే ఆయన. వరస కలుపుకుని వదినా అని పిలుస్తాడు. ఆ పిలుపుతో పాటు ఏడిపించే హక్కు కూడా కలుపుకున్నాడు.

"వదినా, నీ పీటకి ఉద్యోగం వచ్చిందట కదా! మనకంటే పై అంతస్తులో వేశారు."

"ఏ పీట?"

"ఇంకే పీట! మీటింగులో మధ్యలో పెట్టి మీ సిస్టర్ గారు చెప్పిందట. మా అమ్మ దీని మీద కూర్చుని రోజూ కీడు శంకిస్తుంది, ఇకనుంచి మీరూ అంతే, కొత్త బిల్డింగుకి మారేటప్పుడు ఏం తప్పు జరగొచ్చో ఒక్కొక్కరే దీని మీద కూర్చుని చెప్పండి అందట. కూర్చున్నవాళ్లు లేచేదాకా ఎవరూ అడ్డు మాట్లాడకూడదట. వార్డంతా ఒకటే నవ్వులట!"

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో నవ్వుకునేది వేరు, చుట్టాలు నవ్వుకునేది వేరు. ఇది ఆసుపత్రి. తెల్ల కోట్లు వేసుకున్నవాళ్ల ముందు తన పిరికితనాన్ని ముక్కాలి పీటలా పట్టుకెళ్లి నిలబెట్టింది కన్నకూతురు. తనని చూసి నవ్వితే నవ్వనీ. 'ఈ పిరికిదాని కూతురా మనకి పెద్ద' అనుకుంటే? ఆ మాట ఎవరో అన్నట్టే చెవుల్లో వినిపించింది. సూది వేలికి గుచ్చుకుంది.

ఆ సాయంత్రమే ఒట్టు పెట్టుకుంది. ఇక నోరు తెరవదు. కూతురి పరువు కోసం ఎంత భయం వచ్చినా గొంతులోనే మింగేస్తుంది.

మర్నాడు పొద్దున్న భర్త గుమ్మం దాటి, మెట్ల దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు.

"ఏమైనా అన్నావా?"

"లేదండీ."

మళ్లీ వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. "ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. వెళ్లిరండి."

"బ్రేకుల గురించి అడగలేదు."

"మీకు తెలుసు కదా."

"తెలుసనుకో... కానీ నువ్వడక్కపోతే చూసుకున్నానో లేదో గుర్తురావట్లేదే," అని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆ రోజు డిపోలో రెండుసార్లు బస్సు కిందకి వంగి చూశానని సాయంత్రం ఆయనే ఒప్పుకున్నాడు.

*

కొన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరూ ఆరిన బట్టలు మడతపెడుతున్నారు. దుప్పటి చెరో కొసా పట్టుకుని దులుపుతుండగా కూతురు ఉన్నట్టుండి అంది:

"ఆ పీట మీద ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదమ్మా."

ఆవిడకి లోలోపల ప్రాణం లేచొచ్చింది. "అయితే దాన్ని ఇంటికి తెచ్చెయ్యి."

"కూర్చున్నదల్లా ఆ వసపిట్ట హ్యాండ్‌బ్యాగు ఒక్కటే."

వసపిట్ట అంటే వార్డులో అందరికంటే చిన్న నర్సు. నిద్రలో కూడా మాట్లాడుతుందని ఆ పేరు. అలాంటి పిల్ల కూడా పీట మాటెత్తితే నోరు మూసుకుంటోందంటే సంగతి సామాన్యమైంది కాదు.

"ఏం మార్చినా 'సరే సిస్టర్' అంటారు. దారి మార్చినా 'సరే', మనుషుల్ని మార్చినా 'సరే'. ఒక్కరూ కాదనరు. నా భయం అదేనమ్మా."

దుప్పటి కొస ఆవిడ చేతిలోంచి జారింది. "నీకు... భయమా?"

"లేకేం? నీ కడుపున పుట్టి భయం లేకపోతే ఎలా?"

ఇన్నేళ్లూ ఆవిడ, కూతురు ధైర్యంగల పిల్ల, తండ్రి పోలిక అనుకుంది. తన భయం తనతోనే సరిపోయిందని సంతోషించింది కూడా.

"అందరూ సరే అంటే మంచిదే కదే," అంది నెమ్మదిగా.

"కర్ఫ్యూ దగ్గర కూడా అందరూ సరే అనేవారమ్మా."

ఆ పేరు వినగానే ఆవిడ భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి. కర్ఫ్యూ అంటే కూతురికి ముందు ఆ వార్డుకి పెద్దగా ఉండి వెళ్లిపోయిన మేడమ్. ఆ మేడమ్ బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, నడవా ఖాళీ అయిపోయేది. వార్డులో యంత్రాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరికీ బాబాయి. ఏ మిషను మూలిగినా చెవి ఆనించి రోగం చెప్పగలడు. ఒకసారి మీటింగులో ఆయన లేచి, 'మేడమ్, ఇలా చేస్తే పొరపాటు జరుగుతుందండీ' అన్నాడు. పదిమంది ముందూ నన్నే తప్పుపడతావా అని కర్ఫ్యూ ఆయన్ని నేలమాళిగలో స్టోరుకి పంపింది. ఖాళీ సిలిండర్ల పక్కన కుర్చీ వేసుకుని ఆయన చాలాకాలం కూర్చున్నాడు. టోపీల గుడ్డ తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడల్లా ఆవిడ చూసేది. అంత పనిమంతుడు చేతులు ఒళ్లో పెట్టుకుని గోడని చూస్తుండేవాడు. కూతురు పెద్ద సిస్టరయ్యాక చేసిన మొదటి పని ఆయన్ని పైకి తీసుకురావడం. ఆయన పైకైతే వచ్చాడు. ఆయన మాట మాత్రం కిందే ఉండిపోయింది.

*

తరలింపుకి ముందు ఒకరోజు ఉత్తుత్తి తరలింపు పెట్టారు. పాత బిల్డింగులో వార్డు నుంచి, రెండు బిల్డింగుల్నీ కలిపే పొడవాటి వంతెన మీదుగా, అవతలి లిఫ్టు దాకా, అక్కణ్ణించి పైకి. దారిలో కరెంటు తీగ ఉండదు కనుక చక్రాల గాజుపెట్టె తన బ్యాటరీ మీదే నడవాలి. పసిబిడ్డ బదులు లోపల ఓ నీళ్ల సంచీ పెట్టారు. పెట్టె మీద కప్పే గుడ్డకి కట్లు సరిచెయ్యడానికి ఆవిడ కూడా సూదీదారం పట్టుకుని వెనకాలే నడవాల్సి వచ్చింది.

బయల్దేరేముందు వసపిట్ట నీళ్ల సంచీకి టోపీ పెట్టింది. "అయ్యో, బాబుకి అచ్చం మన పెద్ద డాక్టరు గారి పోలికే!"

అందరూ నవ్వారు. పెద్ద డాక్టరంటే ఆసుపత్రి మొత్తానికీ పెద్ద. బట్టతల మనిషి. అదృష్టం బాగుండి అప్పటికింకా రాలేదు.

బాబాయి వంగి పెట్టెలో మీటలు చూస్తుంటే వసపిట్టే మళ్లీ అంది: "హీటరెందుకు బాబాయి గారూ, నీళ్ల సంచికి చలేస్తుందా?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. బాబాయి కూడా నవ్వాడు. హీటరు మీట నొక్కి ఆపేశాడు. కూతురు నవ్వింది. ఆవిడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వార్డు అంత హాయిగా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో.

అంతా నల్లేరు మీద బండి నడకలా జరిగిపోయింది. వంతెన మీద చక్రం ఎక్కడా తట్టుకోలేదు. లిఫ్టు ఆగలేదు. అవతల పెద్ద డాక్టరు ఎదురొచ్చి, "శభాష్! మనవాళ్లు గట్టివాళ్లే!" అని చప్పట్లు కొట్టాడు. పండగొచ్చినట్టు అందరూ కొట్టారు. చేతిలో సూది ఉందన్న సంగతి మరచిపోయి ఆవిడా కొట్టబోయింది.

అప్పుడే ఆవిడ కంటపడింది. బాబాయి చప్పట్లు కొట్టడం లేదు. పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అడుగున బ్యాటరీ ఉన్నచోట చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయాడు. మొహంలోంచి నవ్వు ఇంకిపోయింది. లేచి "సిస్టర్..." అన్నాడు. అంతలోకే పెద్ద డాక్టరు కూతురి చెయ్యి పట్టుకుని ఊపుతూ, కొత్త బిల్డింగు ప్రారంభానికి ఎవరెవరు వస్తున్నారో, కెమెరాలు ఎక్కడ పెడుతున్నారో చెప్పడం మొదలుపెట్టాడు. బాబాయి పెదవులు మళ్లీ అతుక్కుపోయాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ ఒట్టు సగం తీసి గట్టున పెట్టింది. "బాబాయి గారు చప్పట్లు కొట్టలేదు. ఏదో చెప్పబోయి ఆగిపోయారు. నా కళ్లారా చూశాను."

"నేనూ చూశానమ్మా. పక్కకి పిలిచి అడిగాను కూడా. 'ఏం లేదు సిస్టర్, అంతా బాగుంది' అన్నారు."

"గట్టిగా అడక్కపోయావా?"

"కర్ఫ్యూ కూడా గట్టిగానే అడిగేదమ్మా." కూతురు తలుపు దగ్గర ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది. "ఎవరికి వాళ్లు చెప్పాలనిపిస్తే తప్ప ఆ పీట మీద చెప్పే మాటకి విలువ లేదు. కానీ ఆయన చెప్పకపోతే, నేను ఏ పిల్లని ఎలాంటి పెట్టెలో పెట్టి నడిపిస్తున్నానో నాకు తెలియదు."



*

తరలింపు రేపనగా, మధ్యాహ్నం ఆఖరి మీటింగు పెట్టారు. నర్సుల గదికీ వార్డుకీ మధ్య గాజు అడ్డం ఉంది. అవతల పెట్టెల మీద చిన్న చిన్న దీపాలు, లోపల పిడికిళ్లు బిగించుకుని పడుకున్న గుప్పెడంత మనుషులు. ఇవతల వార్డు మొత్తం గోడల వెంట నిలబడి ఉంది. మధ్యలో ముక్కాలి పీట. కొత్త టోపీల మూట ఇచ్చి వెళ్లిపోదామని వచ్చిన ఆవిడ, తలుపు దగ్గర ఇరుక్కుపోయింది.

అనుకోకుండా పెద్ద డాక్టరు కూడా వచ్చాడు. ఆయన రాగానే గదిలో ఉన్న కాస్త గుసగుసా ఆగిపోయింది.

"అంతా సిద్ధమేనా సిస్టర్?"

"ఇంకో పది నిమిషాల్లో తెలుస్తుంది డాక్టరు గారూ. ఇక్కడ మాకో పద్ధతుంది. ఆ పీట మీద ఉన్నవాళ్లే మాట్లాడాలి. మీరు కాసేపు ఉంటారా?"

ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఏ కళనున్నాడో, గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"రేపే తరలింపు," అంది కూతురు. "పీట ఇంకా ఖాళీగానే ఉంది. మిమ్మల్ని అనడానికి లేదు. నేనూ దాని మీద ఇంతవరకూ కూర్చోలేదు."

అని వెళ్లి కూర్చుంది. పెద్ద సిస్టరు జానెడెత్తు పీట మీద మోకాళ్లు దగ్గరకి పెట్టుకుని కూర్చునేసరికి, నిలబడ్డవాళ్లందరికీ ఎటు చూడాలో తెలియలేదు.

"పెద్ద డాక్టరు గారు తేదీ చెప్పినప్పుడు మిమ్మల్నెవర్నీ అడక్కుండా సరే అనేశాను. ఆ తేదీకి కుదురుతుందో లేదో నాకు నిజంగా తెలియదు. కాదంటే, కొత్తగా పెద్దయింది, చేతకాదు అనుకుంటారని భయపడ్డాను. మీరు నా దగ్గర సరే అంటున్నారని నేను బాధపడుతున్నాను కానీ, ఆయన దగ్గర నేను చేసిందీ అదే. నేను తప్పు చేసి ఉంటే, దాని ఫలితం నా మీద పడదు. ఆ అద్దం అవతల ఉన్నవాళ్ల మీద పడుతుంది. ఇదీ నా భయం."

లేచి నిలబడింది.

తలుపు దగ్గర ఆవిడ టోపీల మూట గట్టిగా పట్టుకుంది. అయిపోయింది, ఉద్యోగం ఊడింది. అంత పెద్దాయన మొహం మీదే చెప్పేసింది. రేపటినుంచి ఖాళీ సిలిండర్ల పక్కన కుర్చీ. ఆ కుర్చీలో కూతుర్ని కూర్చోబెట్టి కూడా చూసేసింది ఆవిడ కళ్ల ముందు. కానీ ఆ భయం అడుగునుంచి ఇంకేదో పొంగుకొస్తోంది. ఛాతీ పట్టనంత. తన పీట మీద కూర్చుని, తనలాగే భయం చెప్పింది కూతురు. అలా చెబుతుంటే ఎవరూ నవ్వలేదు. చెప్పినదాని గొంతు వణకలేదు. భయం చెప్పడానికి ఇంత నిటారుగా కూర్చోవచ్చని ఆవిడకి ఇన్నేళ్లూ తెలియదు.

"ఇంకెవరైనా?" అంది కూతురు.

ఎవరూ కదల్లేదు. వసపిట్ట తన బూట్ల వైపు చూస్తోంది. బాబాయి చేతిలో ఏదో చిన్న మరమేకు పట్టుకుని తిప్పుతున్నాడు. పెద్ద డాక్టరు గడియారం చూసుకున్నాడు.

"ఎవరికీ ఏమీ లేనట్టే కదా సిస్టర్? ఇక..."

"ఉందండీ."

ఆ మాట ఎవరన్నారా అని ఆవిడ కూడా అటూ ఇటూ చూసింది. అందరూ తనవైపే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది అన్నది తనేనని. నాలుక కరుచుకుంది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. టోపీల మూట గుండెలకి హత్తుకుని వెళ్లి, తన పీట మీద తను కూర్చుంది. ఎన్నాళ్లకో సొంతింటికి వచ్చినట్టు అనిపించింది.

"నేను కుట్టు గదిలో పనిచేస్తాను. మిషన్ల సంగతి నాకేం తెలియదు," అంది. "టోపీల నాడాలు మెత్తనివే వేశాను, అయినా వంతెన మీద గాలికి ముడి ఊడుతుందేమోనని భయం. లిఫ్టు ఆగిపోతుందేమోనని భయం. కరెంటు పోతుందేమోనని... మా ఇంట్లో అడిగితే మీకు రేపటిదాకా చెప్తారు."

ఎక్కడో చిన్న నవ్వు వినిపించింది. మంచి నవ్వే. ఆవిడకి దాంతో కాస్త ఊపిరాడింది.

"కానీ అవి నా అసలు భయం కాదు. రేపు ఏమైనా జరిగిందనుకోండి. జరక్కూడదు, జరిగిందనుకోండి. ఎల్లుండి కాఫీ తాగేటప్పుడు మీలో ఎవరో ఒకరు, 'నాకు అప్పుడే అనుమానం వచ్చిందండీ, కానీ చెప్పలేదు' అంటారే, ఆ మాటకి నాకు భయం. లిఫ్టు ఆగితే బాగుచెయ్యడానికి మనిషి వస్తాడు. ఆ మాటని ఇంక ఎవరొచ్చి బాగుచేస్తారు?" మూట మీద చెయ్యి నిమిరింది. "ఇన్నాళ్లూ నేను భయాలు చెబితే నవ్వేవాళ్లే కానీ, చెప్పినందుకు మా ఇంట్లో నన్ను ఎవరూ నేలమాళిగకి పంపలేదు. అందుకే చెప్పగలిగాను. ఈ సిస్టర్ గారూ పంపరు. నాకు తెలుసు. ఈవిడ నా కూతురు."

ఆసుపత్రిలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి.

లేచి, పక్కకి వచ్చి నిలబడింది. కూతురు అడ్డు చెప్పలేదు, మెచ్చుకోలేదు, ఇంకెవరైనా అని అడగలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పీట వైపు చూస్తూ నిలబడింది.

గోడమీద ఫ్యాను చప్పుడు వినపడింది. అద్దం అవతల ఓ పెట్టె మీద దీపం రంగు మారి మళ్లీ మామూలైంది, ఒక నర్సు తొంగిచూసి వచ్చింది. ఇంకా ఎవరూ మాట్లాడలేదు. పెద్ద డాక్టరు జేబులో ఫోను మోగింది. వార్డంతా ఉలిక్కిపడింది. ఆయన తీసి చూసి, ఎవరి పేరు కనపడిందో ఏమో, నొక్కి ఆపేసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. గోడకి ఆనుకున్నవాడు కాస్తా నిటారుగా నిలబడ్డాడు. గడియారం మాత్రం ఇంక చూసుకోలేదు.

ఆవిడ గదంతా కలయజూసింది. ఎవరూ లేవకపోతే? ఇంతా చెప్పి, ఇంతమంది ముందు కూతురు అలా నిలబడి నిలబడి, చివరికి 'సరే, వెళ్దాం పదండి' అనాల్సి వస్తే? తనే ఏదో ఒకటి అనేసి ఈ నిశ్శబ్దాన్ని చెరిపేద్దామా అనిపించింది. నోరు తెరవబోయి కూతురి మొహం చూసింది. ఆ మొహంలో తొందర లేదు. ఈ గదిలో ఇంత బరువైన నిశ్శబ్దాన్ని నెత్తిన పెట్టుకుని, మెడ వంచకుండా, ఎంతసేపైనా నిలబడగలనన్నట్టుంది. కర్ఫ్యూ నిశ్శబ్దాన్ని పుట్టించేది. ఈ పిల్ల దాన్ని భరిస్తోంది, అవతలివాళ్ల కోసం. నేను కన్నానా దీన్ని, అనుకుంది ఆవిడ. కళ్లు మసకబారాయి. తుడుచుకోవడానికి చేతిలో మూట అడ్డమైంది.

నేలమీద ఏదో ఠంగుమంది. మరమేకు జారిపడింది. బాబాయి దాన్ని తీసుకోవడానికి వంగాడు. తీసుకున్నాక మళ్లీ గోడ దగ్గరకి వెళ్లలేదు. గది మధ్యకి నడిచాడు. పెద్ద డాక్టరు వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూశాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, పాత కీళ్లు మూలుగుతుండగా, మెల్లగా పీట మీద కూర్చున్నాడు. పీట కిర్రుమంది.

అద్దం అవతల దీపాల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. చాలాకాలం మూసి ఉంచిన తలుపులా ఆ గొంతు ముందు బొంగురుగా, తర్వాత స్పష్టంగా వచ్చింది.

"నీళ్ల సంచికి చలెయ్యదని ఆ రోజు అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. హీటరు ఆపింది ఈ చేత్తోనే. హీటరు లేకుండానే, పైకి చేరేసరికి బ్యాటరీ వేడెక్కి దాదాపు ఖాళీ అయిపోయింది. హీటరు వేసి నడిపితే, ఈ పాత బ్యాటరీలు పిల్లల్ని లిఫ్టు దాకా కూడా తీసుకెళ్లలేవు. రేపు వద్దు సిస్టర్."